ఫరసాన్ దీవిలో ఒక కొట్లాట

ఫరసాన్ వెళ్లొచ్చానంటే మా హాస్పిటల్లో ప్రతి ఒక్కరూ అడిగింది ఒకటే: "అక్కడేముంది?" పెద్దగా ఏమీ లేదు. సౌదీకి దక్షిణపు కొసన జీజాన్ అనే ఓడరేవు ఉంది. అక్కడినుంచి ఎర్ర సముద్రం మీద గంటకు పైగా వెళ్తే ఫరసాన్ దీవి వస్తుంది. మనుషులతోపాటు కార్లను కూడా ఎక్కించుకునే ఓడ. టికెట్ ఉచితం. ఈ చివరి మాట చెప్పగానే వార్డులో ముగ్గురు ఫోన్లు తీసి వివరాలు వెతకడం మొదలుపెట్టారు.

నేను తాయిఫ్‌లో ఒక ప్రైవేటు హాస్పిటల్లో స్టాఫ్ నర్సును. మాది బాపట్ల దగ్గర. సముద్రం చూడ్డానికి ఏడొందల కిలోమీటర్లు కారులో కూర్చునేంత ముచ్చట నాకు లేదు, చిన్నప్పుడు ఆదివారం ప్రార్థన అయ్యాక సైకిళ్ల మీద పోయి చూసొచ్చేవాళ్లం. నేను వెళ్లింది దస్తగిరి భాయ్ వల్ల.

దస్తగిరి భాయ్ మా నర్సుల బస్సు డ్రైవరు. హాస్టల్‌నుంచి హాస్పిటల్‌కీ, హాస్పిటల్‌నుంచి హాస్టల్‌కీ పదకొండేళ్లుగా నన్ను తిప్పుతున్నాడు. ఆయన మొహం కన్నా వీపే నాకు బాగా తెలుసు. ప్రొద్దుటూరు దగ్గర పల్లె. దూదేకులవాళ్లు, ఇంట్లో ఉర్దూ ఉండదు, తెలుగే. పెళ్లయిన ఆర్నెల్లకు ఈ దేశం వచ్చాడు, వచ్చి ఇరవై ఏళ్లయింది. రెండేళ్లకోసారి నలభై అయిదు రోజుల లీవు. కూతురు కర్నూల్లో డిగ్రీ చదువుతోంది. భార్య మస్తానమ్మ ఊళ్లో జాకెట్లు కుడుతుంది, నలుగురు ఆడపిల్లలకు కుట్టు నేర్పుతుంది.

ఈ ఏడు మస్తానమ్మ విజిట్ వీసా మీద మొదటిసారి వచ్చింది. ఊరికే రాలేదు. భాయ్ ఇఖామా, అంటే ఇక్కడ ఉండి పని చేసుకునే కార్డు, వచ్చే నెలతో అయిపోతుంది. రిన్యూ చేయాలా, లేక ఫైనల్ ఎగ్జిట్ మీద ఒక్కసారే ఇంటికి పోతావా, ఆదివారం కల్లా చెప్పమన్నారు ఆఫీసువాళ్లు. ఆయన ఆ ప్రశ్న తీసుకెళ్లి పెళ్లాం ముందు పెట్టాడు. "నేను వచ్చి, సూసి చెప్తా" అందట ఆమె. వచ్చి నెలైంది, చూస్తూనే ఉంది.

అలాంటి మొగుడూ పెళ్లాల ప్రయాణంలో నాకేం పని? అదే అడిగాను. మస్తానమ్మ ఫోన్లో దాచుకోకుండా చెప్పింది.

"నువ్వు రా సిస్టర్. మేమిద్దరమే అయితే ఏం మాట్లాడుకోవల్లో తెలీడం లేదు. అన్నం తింటివా అంటాడు. తింటి అంటా. ఆడికి అయిపోతాది."

ఇంత నిజాయితీగా నన్ను ఇంతవరకు ఎవరూ ఎక్కడికీ పిలవలేదు. శనివారం దాకా సెలవు పెట్టాను.

బాహా కొండలు

బుధవారం పొద్దున్నే బయల్దేరాం. తాయిఫ్‌నుంచి మక్కా వైపు దిగి సముద్రం పక్క రోడ్డు పట్టుకోవచ్చు. కానీ నేను క్రైస్తవురాలిని, మక్కా ఊళ్లోంచి నాకు దారి లేదు, చుట్టు తిరిగి పోవాలి. దస్తగిరి భాయ్ ఆ మాట ఎత్తకుండానే, "బాహా మీద పోదాం సిస్టర్, కొండలు బాగుంటాయి" అన్నాడు. మర్యాదస్తుడు.

పాత తెల్లకారు, సొంతానికి కొనుక్కున్నది. వెనక తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. నేనెక్కాను, నా వెనకే మస్తానమ్మ ఎక్కింది. ముందు సీటులో నీళ్ల సీసాల కార్టన్ కూర్చుంది. ఇరవై ఏళ్లు జనాన్ని తిప్పిన చేతికి భార్య అయినా ఎవరైనా అదే తలుపు.

బాహా దగ్గర రోడ్డు వారన కోతులు గుంపులు గుంపులుగా కూర్చుని వచ్చేపోయే కార్లను తనిఖీ చేస్తున్నాయి. మన ఊరి కోతుల్లా సన్నవి కావు, మెడచుట్టూ జూలుతో పెద్దమనుషుల్లా ఉంటాయి. మస్తానమ్మ అరటిపండు చూపించేసరికి ఒకటి అద్దం మీదకి ఉరికి వైపర్ పీకి పారేసింది. దస్తగిరి భాయ్ దిగి, వైపర్ ఏరుకుని, మళ్లీ బిగించి, ఒక్క మాట అనకుండా బండి తీశాడు. "మా ఆయనకు కోపం రాదు" అని మస్తానమ్మ నాతో అంది. అది పొగడ్తో ఫిర్యాదో నాకు తేలలేదు.

అక్కడినుంచి సొరంగాల్లోంచి దూరుతూ కిందికి దిగాలి. పైన స్వెట్టరు వేసుకున్నదాన్ని, కింద మైదానానికి వచ్చేసరికి చెమటతో తడిసిపోయాను. దారిలో చాయ్‌కి రెండు చోట్ల ఆగాం. గ్లాసు రెండు రియాళ్లు, యాలకులు ధారాళంగా వేస్తారు. రెండుసార్లూ ఆయన మమ్మల్ని హోటల్ గుమ్మంలో దింపి, తాను కారులోనే ఉండిపోయాడు. "రారాదా?" అన్నాన్నేను. "బండి సూసుకోవల్ల కదా సిస్టర్" అన్నాడు. చుట్టుపక్కల మమ్మల్నీ ఒక ఒంటెనూ తప్పించి ప్రాణి లేదు. ఆ ఒంటెకు కారు తోలడం రాదనే అనుకుంటాను.

జీజాన్ బజారు

జీజాన్ దగ్గర పడేకొద్దీ రోడ్డుకి రెండు వైపులా పచ్చగా పైరు కనిపించింది. మస్తానమ్మ అద్దం దించి తల బయట పెట్టింది.

"జొన్న! జొన్న చేను సిస్టర్! మా ఊరి మాదిరే ఉండాదే!"

నిజంగానే జొన్న. సౌదీ అంటే ఇసుక, ఒంటె, పెట్రోలు అనుకునేవాళ్లు జీజాన్ రావాలి. జొన్నరొట్టె తింటారు, మామిడి, బొప్పాయి పండిస్తారు, పూలు పెట్టుకుంటారు. బజారులో మల్లెల్లాంటి తెల్లపూలు దండలు గుచ్చి అమ్ముతున్నారు, "ఫుల్" అంటారు వాటిని. కొండమీదినుంచి దిగిన మగవాళ్లు కొందరు తలచుట్టూ పూల కిరీటాలు పెట్టుకుని ఉల్లిపాయలు బేరం చేస్తున్నారు. మన దగ్గర పెళ్లికొడుకు కూడా అంత ధీమాగా పెట్టుకోడు.

మస్తానమ్మ అయిదు రియాళ్లకు ఒక దండ కొనుక్కుని, నల్ల అబాయా ముసుగు కింద జడలో పెట్టుకుంది. ఎవరికీ కనపడదు, వాసన మాత్రం కారంతా వచ్చింది. దస్తగిరి భాయ్ "బాగున్నాయి" అన్నాడు. ఆమె "ఊఁ" అంది. పెళ్లిచూపుల్లో మధ్యవర్తిలా నాకు ఇబ్బందిగా అనిపించి ఎండ గురించి మాట్లాడాను.

రాత్రి భోజనంలో "మర్సా" అనే తీపి ఒకటి తెప్పించాం. రొట్టెని, అరటిపండుని కలిపి పిసికి, నెయ్యి, తేనె మీద పోసి రాతి పాత్రలో ఇస్తారు. మస్తానమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది మా పీర్ల పండక్కి చేసే మలీదే కదప్పా! బెల్లం బదులు తేనె పోసినారంతే" అని తేల్చేసింది. వంట మనిషి యెమెన్ దేశస్తుడు. ఆమె మెచ్చుకుంటోందని అర్థమై ఇంకొంచెం నెయ్యి తెచ్చి పోశాడు.

ఓడ

ఈ ఓడ పద్ధతి విచిత్రంగా ఉంటుంది. మనుషుల టికెట్టు వేరు, కారు టికెట్టు వేరు. కారుని డ్రైవరొక్కడే పొద్దున్నే తీసుకెళ్లి తనిఖీ వరసలో పెట్టాలి. సీట్లు ఎత్తి, డిక్కీ తెరిచి చూసి, అప్పుడు ఓడ కడుపులోకి పంపుతారు. మిగతావాళ్లు హాల్లో కూర్చుని, బస్సులో రేవు దాకా పోయి, మెట్లెక్కి పైకి పోవాలి. దస్తగిరి భాయ్ ముఖంలో మొదటిసారి ఉత్సాహం చూశాను. ఇరవై ఏళ్లలో ఎన్ని రకాల బళ్లు తోలాడో, ఓడలోకి మాత్రం తోలలేదట.

అందరూ పైకొచ్చాక కూడా ఆయన రాలేదు. కార్లున్న చోట ఎవరూ ఉండకూడదని ఓడ మనిషి ఒకడు వెంటబెట్టుకుని తీసుకొచ్చి మా దగ్గర వదిలాడు. అయిదు నిమిషాలు కూర్చుని, "గాలి చూసొస్తా" అని మెట్ల దగ్గరికి పోయాడు. అక్కడినుంచి కిందికి చూస్తే కారు కనిపిస్తుంది మరి.

ఓడ కదిలింది. మస్తానమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. సముద్రం చూడ్డం ఆమెకు అదే మొదలు. పది నిమిషాలకు భయం తగ్గి, క్యాంటీన్‌లో కొన్న బిస్కెట్లు తింటూ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"సిస్టర్, నీకు మా ఊర్ల సంగతి తెలీదు. లీవులో వచ్చినోనితో ఎవురూ కొట్లాడరు. అదొక కట్టుబాటు మాకు. మా వీధిలో ఇరవై ఇండ్లుంటే పదైదు ఇండ్లల్లో మొగోళ్లు ఈ దేశాల్లోనే ఉండారు. ఆ నలభై అయిదు దినాలు రోజూ కూర. రోగమొచ్చిందని చెప్పరు, కష్టమొచ్చిందని చెప్పరు. పిల్లోల్ల మార్కులు తక్కువొస్తే కాగితం దాచిపెడతారు. పాపం, నాలుగు దినాలుండి పోయేటోడు, వాని మనసు ఎందుకు పాడు చేయల్ల అని. ఇరవై ఏండ్లుగా నేనూ అట్లనే చేస్తి."

"మంచిదే కదా" అన్నాను.

"ఏం మంచిది? ఇప్పుడు నేనీడికి వస్తే ఆయన నాకు అదే చేస్తాండాడు. రోజూ కోడి తెస్తాడు. నేనేమన్నా సరే అంటాడు. ఇద్దరం చుట్టాలమైపోతిమి." ఆమె బిస్కెట్ పొట్లం మడత పెట్టింది. "ఎగ్జిట్ మీద వచ్చేస్తే ఇంగ జీవితమంతా చుట్టాన్ని ఇంట్లో పెట్టుకుని మర్యాద చేయల్లనా? నాకు ఓపిక లేదు. నాకు ఒక్కదాన్నే అలవాటైపోయింది. అట్లని రావద్దని చెప్పేదానికీ నోరు రాదు. అది సూసుకుందామనే వస్తి."

పెళ్లి కాని దాన్ని, నేనేం సలహా చెప్తాను? సముద్రం మాత్రం చాలా నీలంగా ఉందన్నాను. ఆమె కూడా ఒప్పుకుంది.

ఫరసాన్ ఊళ్లో

ఫరసాన్ చదునుగా, పొడిగా, తెల్లగా ఉంటుంది. పగడపు రాయితో కట్టిన పాత ఇళ్లు సగం కూలి ఉన్నాయి. ముత్యాల వ్యాపారి ఒకాయన కట్టించుకున్న ఇంటి గోడల మీద సున్నంతో చెక్కిన పువ్వులు ఇంకా నిలిచే ఉన్నాయి. దస్తగిరి భాయ్ మమ్మల్ని దాని ముందు దింపాడు. లోపలికి వెళ్లి చూసి వచ్చేసరికి టైర్లు తుడుస్తున్నాడు.

గదులు రెండు తీసుకున్నాం. రోజుకి గదికి నూట యాభై, ఏసీ చప్పుడు ఉచితం. సాయంత్రం చేపల దుకాణానికి వెళ్లాం. మంచు మీద పరిచిన చేపల్లోంచి మనం ఒకటి వేలు పెట్టి చూపిస్తే, తూచి, కాల్చి, అన్నంతో తెచ్చిస్తారు. మాది ఒకటింపావు కిలో తూగింది. మా బాపట్లవాళ్లమైతే ఆ చేపకి చింతపండు పులుసు పెట్టకుండా ఇలా ఒట్టిగా కాల్చినందుకు బాధపడతాం. నేను బాధపడుతూనే సగం తినేశాను.

మిగతా సగంలో మంచి ముక్కలన్నీ దస్తగిరి భాయ్ భార్య వైపు తోశాడు. ఆమె ఆయన వైపు తోసింది. ఆయన మళ్లీ తోశాడు. చివరికి ఆ ముక్కలు ప్లేటు మధ్యలో చల్లారిపోతే పిల్లి ఒకటి వచ్చి కూర్చుంది. నాకు విసుగొచ్చింది. ఇద్దరిలో ఎవరో ఒకరు తినేస్తే బాగుండును దేవుడా అనుకున్నాను.

ఇసుకలో

శుక్రవారం నమాజు అయ్యాక మడ అడవి చూడ్డానికి బయల్దేరాం. ఉప్పునీళ్లలో పెరిగే చెట్లు, మన కృష్ణా లంకల్లో ఉండే మడ చెట్ల జాతే. దారిలో జింకలు రెండు కనిపించాయి. దస్తగిరి భాయ్‌కి ఏం పుట్టిందో, తారు రోడ్డు దిగి నీళ్ల దగ్గర దాకా కారు పోనిచ్చాడు. మాకు నడక తప్పిద్దామని చేసిన పని. డ్రైవరు బుద్ధి మరి, గుమ్మం ముందు దింపితేగాని తృప్తి ఉండదు. వంద గజాలు పోయామో లేదో వెనక చక్రాలు సగం దాకా కూరుకుపోయాయి.

ఇరవై ఏళ్లు తారు రోడ్డు మీద తోలిన మనిషికి ఇసుక తెలీదు. గట్టిగా యాక్సిలేటర్ తొక్కాడు. కారు ఇంకొంచెం దిగింది. మస్తానమ్మని స్టీరింగ్ కదలకుండా పట్టుకోమని కూర్చోబెట్టి, ఆయన వెనక్కి వెళ్లి భుజం ఆనించి నెట్టడం మొదలుపెట్టాడు. మొహం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి. నేను నర్సుని. నా నోటినుంచి మాట దానంతటదే వచ్చింది.

"భాయ్, ఆపండి! బరువులు ముట్టుకోవద్దని డాక్టర్ చెప్పలేదా? మా హాస్పిటల్లోనే హెర్నియా ఆపరేషన్ అయిన కడుపది!"

మస్తానమ్మ తలుపు తీసుకుని దిగింది.

"ఎవురికి ఆపరేషన్?"

నేను దస్తగిరి భాయ్ వైపు చూశాను. ఆయన ఇసుక వైపు చూశాడు. ఆమెకు చెప్పలేదని అప్పుడు అర్థమైంది నాకు. పెళ్లానికి తెలియకుండా ఏ మగాడైనా ఆపరేషన్ చేయించుకుంటాడని నాకెలా తెలుస్తుంది?

"సిన్నదేలే. అప్పుడెప్పుడో" అన్నాడు.

"అప్పుడెప్పుడో అంటే ఎప్పుడు?"

"రెండేండ్లయింది."

ఆమె వేళ్లమీద ఏదో లెక్క చూసుకుంది. "రెండేండ్ల కింద రంజాన్‌కు వస్తానని రాకపోతివి. కంపెనీ లీవు ఇయ్యలేదంటివి."

"ఆపరేషన్ అని చెప్తే నువ్వు భయపడతావని..."

"భయపడనీ! భయపడితే సచ్చిపోతానా? ఆ పండగంతా నేనేమనుకుంటా కూసున్నానో తెల్సా నీకు? ఈయప్ప ఆడ ఇంకెవుర్నో పెట్టుకున్యాడు, అందుకే రాలేదు అనుకుంటి. సేమ్యా పాయసం ముందర పెట్టుకోని ఏడిస్తి!"

"ఛీ, ఏం మాటలవి. సిస్టర్ ఉండాది."

"ఉండనీ! సిస్టర్‌కు తెల్సు. కోసిన డాక్టర్‌కు తెల్సు. నీ బస్సెక్కే నర్సమ్మలందరికీ తెల్సు. నాకొక్కదానికే తెలీదు. నేను ఎవుర్ని నీకు?"

నేను మడ చెట్ల వైపు నడిచాను. చెట్లు బాగున్నాయి. వేళ్లు నీళ్లలోంచి పైకి పొడుచుకొచ్చి, వాటి మధ్య పీతలు తిరుగుతున్నాయి. కొంగలు కూడా ఉన్నాయి. కొట్లాట మాత్రం అక్కడికీ స్పష్టంగా వినిపిస్తోంది. గాలి అటునుంచే వీస్తోంది.

"నువ్వు మాత్రం అన్నీ చెప్పినావా?" దస్తగిరి భాయ్ గొంతు. ఆ గొంతు అంత పెద్దదని పదకొండేళ్లలో నాకు తెలీదు.

"చెప్పలే! వంటింటి గోడ పడిపోయింది, చెప్పలే!"

"ఏ గోడ?"

"ఆ వానాకాలమే. నువ్వు కడుపు కోయించుకున్న ఏడే. నేనూ బిడ్డా నెల దినాలు టార్పాలిన్ కింద పండుకుంటిమి. తేలొస్తే సెప్పుతో కొడ్తి. మల్ల కట్టించి, రంగేయించి, నువ్వొచ్చే పొద్దుకు అంతా సరి చేస్తి. నువ్వేమో వచ్చి, ఈ పచ్చరంగు బాగలేదంటివి!"

ఆయన గొంతు తగ్గించి, "చెప్పింటే ఎట్లన్నా వచ్చుందును కదా" అన్నాడు.

"యాడికి వస్తావు, కుట్లు పట్టుకోనా?"

మళ్లీ మొదలు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. నాకు అసూయ వేసింది, అబద్ధమెందుకు చెప్పాలి. తాయిఫ్‌లో నా గదికి నేను వెళ్తే నన్ను కేకలేసేవాళ్లు ఎవరూ లేరు.

అప్పుడొచ్చింది ఒక పికప్ బండి. తోలేది డెబ్భై ఏళ్ల ముసలాయన, నడుముకి గళ్ల లుంగీ, పేరు అబూ యహ్యా. మా కారు చూసి అడక్కుండానే ఆగాడు. లావు తాడు తీసి భుజాన వేసుకుని నాలుగడుగులు వేసి, కొట్లాట చూసి ఆగిపోయాడు. నా దగ్గరికొచ్చి ఏదో అడిగాడు. నాకొచ్చిన అరబ్బీ అంతా హాస్పిటల్ అరబ్బీ: నొప్పి ఎక్కడ, ఎన్నాళ్లనుంచి, నిన్న ఏం తిన్నారు. అయినా ఆయన అడిగింది అర్థమైంది, వాళ్లు మొగుడూ పెళ్లాలేనా అని. అవునన్నాను. పెళ్లయి ఎన్నేళ్లు? ఇరవై దాటాయన్నాను.

ఆయన తల ఊపి, తాడు ఇసుకలో పడేసి, బండిలోంచి ఫ్లాస్కు, ఖర్జూరాల డబ్బా తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. చిన్న కప్పులో కాఫీ పోసి ఇచ్చాడు. అది అయ్యాక ఇంకోటి పోశాడు. కారు లాగుదామా అని నేను సైగ చేస్తే, చెయ్యి ఊపి వద్దన్నాడు. మూడు కప్పులు తాగాం. వాళ్లు ఆగాకే లేచి తాడు కట్టాడు.

అబూ యహ్యా ఇంట్లో

కారు బయటికొచ్చింది. భోజనం చేయకుండా కదలనివ్వనన్నాడు ముసలాయన. ఇంట్లో ఆడవాళ్లం ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు. పెద్ద పళ్లెంలో అన్నం, దాని మీద చేప. మస్తానమ్మ ముక్కు ఎర్రగా ఉంది. పళ్లెంలో ఎవరి వైపూ ఏమీ తోయకుండా కడుపునిండా తింది. అబూ యహ్యా భార్య ఆమె కళ్లు చూసి, నాతో ఏమీ అడక్కుండా, ఇంకో ముక్క తెచ్చి వేసింది.

తర్వాత దస్తగిరి భాయ్ చెప్పాడు, అవతల ముసలాయన ఏమన్నాడో. వాళ్ల నాన్న ముత్యాల పడవల మీద నెలల తరబడి పోయేవాడట. తిరిగొచ్చాక వారంపాటు వాళ్లమ్మ ఆయన్ని తిట్టేదట. తిట్లు అయిపోతే మళ్లీ పడవెక్కే రోజు వచ్చిందని పిల్లలకు తెలిసిపోయేదట.

"మరి మీరేమన్నారు భాయ్?"

"ఏమంటా సిస్టర్. మా ఇంట్లో ఈ పొద్దే మొదలైందని చెప్తి."

సాయంత్రం గదుల బయట చాయ్ తాగుతున్నాం. మస్తానమ్మే కాచింది. దస్తగిరి భాయ్ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, ఊపిరి పీల్చుకుని అన్నాడు.

"చక్కెర ఎక్కువ."

"ఏందీ?"

"పెండ్లైన కాడ్నుంచీ ఎక్కువే ఏస్తాండావు."

నేను గ్లాసు పట్టుకుని లేచి నా గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. ఏసీ చప్పుడు అంతున్నా పక్క గది మాటలు వినపడుతూనే ఉన్నాయి.

తిరుగు ఓడ

శనివారం పొద్దున రేవుకి వెళ్లాం. అక్కడ ఒక చిక్కు. ముందురోజు గాలి ఎక్కువై ఒక ఓడ ఆగిపోయిందట, ఆ కార్లన్నీ ఈ ఓడ వరసలోకి వచ్చాయి. మా కారుకి చోటు లేదు, రేపటి ఓడలో పెడతామన్నారు. మనుషులు మాత్రం వెళ్లొచ్చు. మర్నాడు నాకు డ్యూటీ. ముగ్గురం లెక్కలు వేసుకున్నాం. నేనూ మస్తానమ్మా ఓడలో వెళ్లి, జీజాన్‌లో బస్సెక్కి తాయిఫ్ పోవాలి, దస్తగిరి భాయ్ కారు చూసుకుని ఒకరోజు వెనకగా రావాలి. అదే సవ్యంగా కనిపించింది. ఆమె సంచీ చేతికి తీసుకుంది, ఆయన ఆమెకు నీళ్ల సీసా ఇచ్చాడు. ఇద్దరూ మళ్లీ మర్యాదగా అయిపోయారు.

హాలు గేటు దగ్గర దస్తగిరి భాయ్ ఆగాడు.

"రేపు ఆదివారం. ఆఫీసులో అడుగుతారు. నేను ఈడ్నుంచి ఫోన్ చేసి చెప్పల్ల. ఏం చెప్పమంటావు?"

ఆమె నీళ్ల సీసా సంచీలో పెట్టుకుంది. వెనక వరసలో వాళ్లు జరగమంటున్నారు. నేను టికెట్లు తీశాను. ఆమెది కూడా నా చేతిలోనే ఉంది. ఆయన ఇంకాసేపు చూసి, "సరే, నీ ఇష్టం. రిన్యూ అయినా పరవాలేదు. నువ్వు ఒక్కదానివే బాగుండావు కదా" అన్నాడు. ఆ మాట మామూలుగానే అన్నాడు, కళ్లు మాత్రం కార్ల వరస వైపు తిప్పుకున్నాడు.

మస్తానమ్మ సంచీ నేలమీద పెట్టింది.

"బాగుండానని నీకెవురు చెప్పినారు? నేనెట్ల ఉండానో నన్నడిగినావా ఒక్కతూరి? ఇరవై ఏండ్లలో అడిగినావా?"

"మల్లీ ఈడ..."

"ఈడే! ఫోన్ చేసి ఎగ్జిట్ కొట్టమని చెప్పు. నేను నిన్ను అడగాల్సినవి చానా ఉండాయి, అవి ఫోన్లో అయ్యేవి కావు. నలభై అయిదు దినాల్లో కూడా అయ్యేవి కావు."

వరసలో వాళ్లు మమ్మల్ని తప్పించుకుని లోపలికి పోతున్నారు. బస్సు హారన్ కొట్టింది. నేను ఆమె సంచీ అందుకోబోయాను. ఆమె కాలితో దాన్ని తన వైపు లాక్కుంది.

"నువ్వు పో సిస్టర్, నీకు డ్యూటీ ఉండాది" అంది. "మాది ఇంగా సగం కూడా కాలేదు."